పక్క సీటు బ్రేకు

హలో… ఆ, నేనే. ఇంకెవరు ఎత్తుతారు, మీ అత్తయ్య అక్కడ మీ దగ్గరే ఉందిగా.

… లేదు, కోపమేం లేదు. కోపం దేనికి. మీ తూకంరాళ్ళ సారు మీద తప్ప ఈ లోకంలో నాకు ఎవరి మీదా కోపం లేదు.

… అవును, ఆ పేరు నేనే పెట్టాను. నోట్లోంచి మాట రాకముందే దాన్ని తక్కెట్లో వేసి అటూ ఇటూ చూసుకునే మనిషిని మరేమనాలి. పొద్దున మా గుమ్మంలో నిలబడి ఏమన్నాడో తెలుసా. 'మీరు… ఈ పూటకి… రానక్కర్లేదండీ.' ఆ మూడు ముక్కలు చెప్పేలోగా మా పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. డ్రైవింగ్ స్కూలు నాది. ఏడాదిగా మీరు డబ్బా పెట్టుకున్న కారు నాది. కారెక్కి వెళ్ళింది నా భార్య. రానక్కర్లేనివాణ్ణి మాత్రం నేను.

… తెలుసులే. ఇవాళ పరీక్ష మీ కాలేజీ కారులో. నా కారు వద్దు, నేనూ వద్దు.

… సర్దిచెప్పకు. నువ్వు మా అక్క కూతురివి కాబట్టి ఇన్నాళ్ళు ఊరుకున్నాను. 'మావయ్యా, నీ కారులో ఒక డబ్బా పెట్టుకుంటాను, నా చదువు గట్టెక్కుతుంది' అన్నావు. పెట్టుకోమన్నాను. బంపరు మీద ఓ కన్ను బిగించావు, ఎదురుగా ఏది వచ్చినా చూస్తుందన్నావు. సీటు కింద డబ్బా తోశావు, ఎవరు వేళకి బ్రేకు తొక్కారో, ఎవరు తొక్కలేదో అది కనిపెట్టి మార్కులేస్తుందన్నావు. అంతేగా దాని తెలివి?

… ఆ, అంతే. మరి ఇరవై ఏళ్ళుగా జనానికి డ్రైవింగ్ నేర్పుతున్న నాకు నలభై ఒకటి. నా దగ్గర నేర్చుకుంటున్న మీ అత్తయ్యకి తొంభై ఆరు. అందుకే ఇవాళ పరీక్షలో నడపడానికి ఆవిడే కావాల్సొచ్చింది.

… నవ్వకు. ఏడో తరగతిలో నేను బడి మానేసిందే ఈ మార్కుల గోల పడలేక. పిలవని చుట్టంలా ఇప్పుడు ఇంట్లోకే వచ్చి కూర్చున్నాయి.

… ఎందుకు తక్కువొచ్చాయో నాకు తెలుసు. నేను దూరం నుంచే చూస్తాను. అల్లంత దూరంలో ఎవరైనా రోడ్డు దాటుతుంటే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తాను. కారు దానంతటదే నెమ్మదిస్తుంది. ఇక బ్రేకుతో పనేముంది. మీ డబ్బాకి అది తప్పు. ఎదురుగా మనిషి, బ్రేకు పడలేదు, వేసెయ్ సున్నా. గుద్దేంత దగ్గరికి పోయి ధనామని తొక్కినవాడికి వందకి వంద.

… అయినా నా బాధ నలభై ఒకటి వచ్చినందుకు కాదు. టైలరు నవ్వినందుకు.

… ఆ, ఇక్కడే ఉన్నాడు. క్లాసు కోసం వచ్చి బల్ల మీద కూర్చున్నాడు… ఏం లేదు టైలరుగారూ, మా మేనకోడలు. ఆ, డబ్బా పెట్టిన పిల్లే. మీకు ఎనభై తొమ్మిది వేసిన పిల్లే… నీకు నమస్కారం చెప్పమంటున్నాడు. ఆయన యాక్సిలరేటరు తొక్కడం నువ్వొకసారి చూడాలి. కుట్టుమిషను తొక్కినట్టు మడమా వేళ్ళూ, మడమా వేళ్ళూ. కారు రోడ్డు మీద కుట్లు వేసుకుంటూ పోతుంది. ఆయనకి ఎనభై తొమ్మిది… ఏం లేదండీ, మిమ్మల్ని పొగుడుతున్నాను.

… మీ అత్తయ్య సంగతి అడగకు. ఆ తొంభై ఆరు వచ్చిన కాగితం వంటింటి గోడకి అంటించుకుంది. అప్పటినుంచి ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదు. కూరలో ఉప్పెక్కువైందంటే, 'నలభై ఒకటి వచ్చినవాళ్ళు నోరు మూసుకుని తినాలి' అంటుంది. మొన్న బస్సెక్కితే ఆ డ్రైవరు వెనకాల నిలబడి మలుపులెలా తిప్పాలో చెప్పింది. అతను పాపం, సరేనమ్మా అన్నాడు. నేను మాత్రం దిగేదాకా కిటికీలోంచి బయటికే చూశాను.

… సరే, నా గోల ఎప్పుడూ ఉండేదే. ఎందుకు చేశావో చెప్పు. మీ పరీక్ష చూడటానికి పెద్దవాళ్ళు వస్తారన్నావుగా.

… వచ్చారా. కింద కాఫీలు తాగుతున్నారా. మరి నువ్వు మేడ మీద ఒక్కదానివీ ఏం చేస్తున్నావు?

… ఏంటి? మెల్లగా చెప్పు. నాది ఏడో తరగతి అన్నది గుర్తుపెట్టుకుని చెప్పు.

… ఊఁ. బ్రేకు పడిందో లేదో తెలియడానికి వెనక లైటు నుంచి తీగ లాగారు. తెలుసు, నా ఎదురుగానే లాగారు. లైటు వెలిగిందంటే బ్రేకు పడినట్టు… యాక్సిలరేటరుకి ఇంకో తీగ… ఊఁ… రెండూ ఒకేసారా?

… అంటే లైటు వెలిగిన క్షణానికి యాక్సిలరేటరు కూడా తొక్కే ఉంది. మీ అత్తయ్యవన్నీ అంతేనా?… టైలరువీ?… నావి లేవు. ఉండవు. ఆ రెండు పెడళ్ళకీ కలిపి డ్రైవరుకి ఒకటే కాలు. అయితే దీని మీద, లేకపోతే దాని మీద. రెంటి మీదా ఎలా ఉంటుంది.

… తీగ చెడలేదు. పెడలు ఇరుక్కోవడమా, నా కారులోనా. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఫోను పెట్టేసేవాణ్ణి.

… మరి మీ సారేమన్నాడు?… తాలన్నాడా.

… మీ భాషలో ఏదో పేరుంటుందిలే, మా భాషలో తాలే, గింజ లేని పొట్టు. ఆ రెండూ కలిసిన చోటల్లా తప్పుడు లెక్క అనుకుని యాక్సిలరేటరు లెక్కని చెరిగి పారబోశారు. బ్రేకు ఒక్కటే చూసి మార్కులేశారు. బాగానే ఉంది. మరి ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?

… వచ్చినవాళ్ళలో పెద్దావిడ అడిగిందా. 'ఒక మనిషి ఒకే కాలితో రెండూ ఎలా తొక్కుతుంది' అని. అడగాల్సిన మాటే. మీ సారు ఏం తూచాడు దానికి?… కాఫీ చల్లారిపోతోందన్నాడా.

… ఆవిడకి చెప్పు, మనిషి ఒకరు కాదు, ఇద్దరని.

… ఇద్దరంటే ఇద్దరే. యాక్సిలరేటరు మీద ఆవిడ కాలు, బ్రేకు మీద నా కాలు.

… నా బ్రేకు. నా వైపు ఉంటుందే, పక్క సీటు దగ్గర. అది.

… అమ్మాయ్, డ్రైవింగ్ స్కూలు కారుకి నేర్పేవాడి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది… నీకు తెలీదా.

… తెలీదా నీకు.

… చూడలేదంటే నేనేం చేసేది. తీగలు బిగించడానికి వచ్చిన మీ మనిషి డ్రైవరు వైపు దూరాడు, అటునుంచే బయటికొచ్చాడు. నా వైపు రబ్బరు పట్టా, గొడుగు, నీళ్ళ సీసా. వాటి వెనకాల ఉంటుంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏ మనిషైనా తన కాలు ఎక్కడ పెట్టుకుంటాడో ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతాడా. నువ్వు ఒక్క రోజు నా కారులో కూర్చుని నేర్చుకుని ఉంటే తెలిసేది. ఎన్నిసార్లు పిలిచాను. పరీక్షలున్నాయి మావయ్యా, పరీక్షలున్నాయి. చదివేది కారు మీద, కారెక్కడానికి మాత్రం తీరిక లేదు.

… ఎప్పుడెప్పుడు తొక్కుతానా? అవసరమైతేనే. ఎప్పుడో ఒకసారి. ప్రాణం మీదికి వస్తే తప్ప కదపను.

… ప్రతిసారీనా? నీ డబ్బా అబద్ధం చెబుతోంది.

… లేదు, నాకు తెలియకుండా నా కాలు ఎలా… ఆగు. టైలరుగారూ, ఒక్క మాట. మనం రోడ్డు మీద వెళ్ళేటప్పుడు నా వైపు బ్రేకు నేనెప్పుడైనా తొక్కుతానా?… ఊఁ.

… ఏమంటున్నాడంటే, 'మీ కాలు చూసే కదండీ నేను కారెక్కేది' అంటున్నాడు. చూశావా. ఈయనకి తెలుసు. బహుశా అందరికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

… అలవాటే, ఇంకేముంది. కంటికి కనపడేలోపే కాలు వెళ్ళిపోతుంది. నిద్రలో కూడా మంచం పట్టె తొక్కుతానని మీ అత్తయ్య అంటుంటే గిట్టక అంటోందనుకున్నాను. పైగా మా పనిలో కిటుకే అది. మెత్తగా తొక్కాలి. కారు ఆగినట్టు ఉండాలి కానీ మనం ఆపినట్టు ఉండకూడదు. తామే ఆపామని వాళ్ళనుకోవాలి. అప్పుడే ధైర్యం వస్తుంది. ధైర్యం వస్తేనే రేపు మళ్ళీ వస్తారు.

… ఏంటి, రాసుకుంటున్నావా?

… ఆగు. ఆగాగు. లైటు వెలిగితే బ్రేకు పడినట్టు. తొక్కింది ఎవరి కాలో లైటుకి తెలీదు. లైటుకి తెలియనిది డబ్బాకీ తెలీదు. అంటే మీ అత్తయ్య తొంభై ఆరు… అవి నావా?

… నావే కదూ. తల్లీ, నావే. టైలరుగారూ, మీ ఎనభై తొమ్మిదీ నాదే… మీది కాదండీ. మీరు మిషను కుట్టారు, బ్రేకు నేను వేశాను. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే… మీరు స్వీట్లు పంచితే నన్నేం చేయమంటారు.

… ఉండు, నన్ను కాసేపు ఆనందించనీ. అందరివీ కలిపి కూడి చెప్పు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళందరి మార్కులూ. నేను చదువు మధ్యలో వదిలేశానని మీ అమ్మ ఇప్పటికీ నలుగురున్న చోటల్లా చెబుతుంది, మొదట తనకి ఫోను చెయ్. ఆ వంటింటి గోడ మీద కాగితం ఇప్పుడే పీకేస్తాను. కాదు, పీకను. మీ అత్తయ్య పేరు కొట్టేసి నా పేరు రాస్తాను. ఇవాళ కూరలో ఉప్పెక్కువైతే చూడు, నోరెలా తెరుస్తానో.

… ఏడుస్తున్నావా. ఎందుకే?

… మూడేళ్ళ పనా. ఆ… అవును. మనుషులు బ్రేకు ఎలా తొక్కుతారో నేర్చుకుంటుందని పెట్టిన డబ్బా, ఏడాదంతా నా ఒక్కడి కాలునే చదువుకుంది. ఆ సంగతి ఆ పెద్దవాళ్ళకి తెలిస్తే… ఊఁ.

… ఏంటి? మీ అత్తయ్యా? ఆవిడకేం, మీ కాలేజీ కారులో దర్జాగా…

… మీ కాలేజీ కారుకి…

… మామూలు కారు కదూ అది.

… అమ్మో.

… లేదు. ఒక్కసారి కూడా లేదు. ఆవిడ తనంతట తాను బ్రేకు తొక్కగా నేను చూడలేదు. ఎదురుగా లారీ వస్తుంటే హారను కొట్టి, 'వాడే తప్పుకుంటాడులెండి' అంటుంది. నేను ఆపేస్తాను కాబట్టి వాడు తప్పుకుంటాడు. అది తన హారను మహిమ అనుకుంటుంది.

… ఆవిడకి ఫోను చెయ్. ఆగు, ఎక్కడో మోగుతోంది… ఇక్కడే. వంటింట్లో కుక్కరు పక్కన పెట్టి పోయింది. మీ సారుకి చెయ్… ఆపేసి పెట్టుకున్నాడా. అంతేలే, పెద్దవాళ్ళ ముందు మర్యాద.

… కాఫీలు అయిపోయాయా? కిటికీలోంచి చూడు… కారు దగ్గరికి నడుస్తున్నారా. మరి ఇంకా ఫోను పట్టుకుని నిలబడ్డావేం, పరిగెత్తు.

… వాళ్ళ ముందు ఏమని చెప్పాలనా? ఉన్నదే చెప్పు.

… తెలుసే. చెప్తే వాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు. నీ మూడేళ్ళూ తాలైపోవచ్చు. నాకు తెలుసు. విను. చదువు పోతే మళ్ళీ వస్తుందో రాదో చెప్పడానికి నేను తగను, నాది పోయింది, మళ్ళీ రాలేదు. కానీ ఆ కారులో ఉన్నది నా ఇంటావిడ. ఉప్పెక్కువైనా ఆవిడ చేతి కూరే నాకు అలవాటు.

… వెళ్తావా. మా తల్లే. ఫోను పెట్టేయకు, చేతిలో పట్టుకునే పరిగెత్తు. లిఫ్టు వద్దు, మెట్లు. ఇంకో మాట. మార్కులు నావని నేనన్నట్టు మాత్రం చెప్పకు. ఓర్వలేక ఆపించానంటుంది. బ్రేకు తొక్కడం మానేసి నన్ను తిట్టడం మొదలుపెడుతుంది.

… పరిగెత్తు, పరిగెత్తు… మీరు కూర్చోండి టైలరుగారూ. క్లాసేంటండీ ఇప్పుడు. అక్కడ మా ఆవిడ పక్క బ్రేకు లేని కారులో కూర్చుంది… అవును, ఒక్కతే. ముగ్గురు పెద్దమనుషులు కూడా ఉన్నారు, వాళ్ళు లెక్కలోకి రారు… హలో, ఎక్కడిదాకా వచ్చావు?

… కిందికి వచ్చావా. ఆపావా?

… కదిలిపోయిందా.

… లోపల ఎవరెవరు ఎక్కడున్నారు?… వెనక సీట్లో పెద్దావిడ, ఇంకొకాయన. ముందు మీ తూకంరాళ్ళ సారు. ఆయన కాళ్ళ దగ్గర ఏముంది… అదే అంటున్నాను, ఏమీ లేదు. ఎంత తొక్కినా నేలే.

… చెయ్యి ఊపు. గట్టిగా ఊపు… ఆవిడా ఊపిందా. స్టీరింగు వదిలేసి?… ఊపకు. ఊపకు తల్లీ, నువ్వు ఊపినకొద్దీ ఆవిడ ఊపుతుంది.

… చప్పుడు ఎలా ఉంది, ఫోను అటు పట్టుకో… రెండో గేరు. పరవాలేదు, రెండుతో ఎవరికీ ఏమీ కాదు… మూడు వేసింది. మూడెందుకే, కాలేజీ రోడ్డు మీద మూడెందుకు. ఎవరు నేర్పారు ఈవిడకి… సరే, నేనే నేర్పాను.

… ముందు ఏం పెట్టారు?… అట్ట మనిషా. అట్టతో మనిషిని చేసి రోడ్డు మధ్యలో నిలబెట్టారు. దాన్ని చూసి బ్రేకు తొక్కాలి, అంతేగా. వెనక లైటు మీదే పెట్టు కన్ను. వెలిగిందా?

… వెలగలేదు. ఇప్పుడు?… ఇప్పుడు?… తొక్కు. తొక్కవే, దగ్గరికొచ్చేసింది, తొక్కు, తొక్కు…

అయ్యో, మీ కాలా టైలరుగారూ. బల్ల కోడనుకున్నాను. చెప్పొచ్చుగా… ఇందాకటినుంచీ మీ కాలేనా. ఎంత ఓపికండీ మీకు.

హలో. ఏమైంది?

… గుద్దేసింది. ఆగలేదా?… మీదనుంచే పోయింది. తల ఎటు పడింది?… పొదల్లోనా. అట్ట తలే కదా, పోనీ. మీ సారు ఏం చేస్తున్నాడు?… కళ్ళు మూసుకున్నాడా. ఏదో తూకం వేసుకుంటున్నట్టున్నాడు.

… ఇంకా ఆగలేదా? ముందేముంది?… ఎవరు? అదీ అట్టేనా?

… క్యాంటీనాయన. కాఫీ కప్పులు కడగడానికి పట్టుకుపోతూ రోడ్డు దాటుతున్నాడు. అరువు, ఆయన్ని తప్పుకోమని అరువు… చెవుల్లో పాటలు పెట్టుకున్నాడా. ఆవిడ హారను కొట్టిందా?… హారను కూడా కొట్టలేదు. అయిపోయింది. ఏ నాడూ హారను మరిచిపోని మనిషి.

… అమ్మాయ్.

… అమ్మాయ్, ఏదో ఒకటి చెప్పు. ఆ కీచుమన్న చప్పుడేంటి?

… ఏంటీ? మళ్ళీ చెప్పు.

… ఆగిందా. ఎవరు ఆపారు?… తానేనా? లైటు వెలిగిందా, నీ కళ్ళతో చూశావా?… క్యాంటీనాయనకి ఎంత దూరంలో?… మూరెడు. కప్పులు?… ఒక్కటీ పడలేదు. ఆయన ఇంకా వెనక్కి తిరిగి కూడా చూడలేదా. అదృష్టవంతుడు.

… ఏం లేదు, కూర్చుంటున్నాను. టైలరుగారూ, ఆ చెంబు ఇటివ్వండి… ఏం కాలేదండీ, కారు ఆగింది… నేను లేకుండానే ఆగింది.

… హలో, చెప్పు. దిగారా అందరూ? సారు దిగలేదా. ఉండనీ, ఆయన నెమ్మది మీద దిగుతాడు. పెద్దావిడ ఏమంటోంది?… మీ అత్తయ్యనే అడుగుతోందా. అట్ట మనిషి దగ్గర ఎందుకు ఆగలేదని. ఏం చెప్పిందీవిడ?

… 'అట్టని తెలుస్తూనే ఉంది కదండీ, దానికి బ్రేకెందుకు దండగ.' ఆవిడ మాటే, అచ్చంగా ఆవిడ మాటే. నవ్వారా వాళ్ళు?

… నువ్వు చెప్పేశావా పక్క బ్రేకు సంగతి? అందరి ముందూ?… గట్టిదానివే. ఏమన్నారు?… ఊఁ… ఊఁ… పారేయక్కర్లేదన్నారా. దొరికిన తప్పే రాయమన్నారు. మీ సారు చెరిగి పారబోసిన తాలు ఉందే, దాంట్లోనే గింజలున్నాయన్నారు. చూశావా, పెద్దవాళ్ళంటే అలా ఉండాలి. ఇంకో ఆరు నెలలా. పోనీలే. ఆరు నెలలు కళ్ళు మూసుకుంటే వెళ్ళిపోతాయి. నీ చదువు నిలబడింది తల్లీ, కళ్ళు తుడుచుకో.

… ఆరు నెలలూ ఏం చేయాలిట?… ఆ మనుషులతోనే మళ్ళీ. పక్క బ్రేకు లేకుండా, మొదటినుంచీ. బాగుంది. మీ కాలేజీ కారులోనేగా?

… నా కారులోనా.

… ఎందుకు? కారు అదే ఉండాలి, మనుషులు వాళ్ళే ఉండాలి, తేడా ఒక్క పక్క బ్రేకే ఉండాలి. అప్పుడే ఏది ఎవరి వల్లో తేలుతుంది. అర్థమైంది. అర్థమైంది కాబట్టే చెబుతున్నాను, కుదరదు. మీ పెద్దావిడ చెప్పినా కుదరదు. టైలరుగారు మిషను తొక్కడం మొదలుపెడితే ఈ వీధికి ఎవరు పూచీ. ఇంకేదైనా అడుగు. కారే తీసుకుపో, ఇస్తాను, ఆ పెడలు మాత్రం…

… ఎవరికి ఇస్తున్నావు ఫోను? అత్తయ్యకి వద్దు. నేను లేనని చెప్పు, బయటికి…

ఆ… నేనే.

… విన్నాను. మొత్తం విన్నాను… నాకెందుకు చెమటలు పడతాయి. నువ్వు కదా నడిపింది.

… సరే, ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. ఇన్నాళ్ళు నా పక్కన కూర్చుని ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదే. ఇవాళ ఎలా తొక్కావు?

… నేను పక్కన లేను కాబట్టా. అదేం జవాబు.

… తొక్కుదామని నువ్వు కాలెత్తేలోగా నేను తొక్కేస్తాను. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ యాక్సిలరేటరు మీదే పెడతావు. మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా.

… చెప్పావా? ఎప్పుడు?

… గోడలకి రంగు వేయించినప్పుడా. దానికీ దీనికీ ఏం సంబంధం… నువ్వు పసుపు అనేలోగా నేను నీలం అనేశాను. ఊఁ… మీ తమ్ముడు అలిగి వచ్చినప్పుడు నువ్వు నోరు విప్పేలోగా నేను… ఊఁ. మనం మాట్లాడుకుంటున్నది కారు సంగతేనా?… కాస్త మెల్లగా, పక్కన పెద్దవాళ్ళున్నారు.

… ఇవాళ ఎన్ని వచ్చాయి నీకు?… సున్నానా. అట్ట మనిషిని గుద్దినందుకు సున్నా. మరి క్యాంటీనాయన దగ్గర ఆగినందుకు?… అది పరీక్షలో లేదా. మనిషి ప్రాణం పరీక్షలో లేదు, అట్టముక్క ఉంది.

… నవ్వడం లేదు. ఒట్టు… సున్నాకి నవ్వేవాణ్ణే, ఇవాళ రావడం లేదు నవ్వు. మంచి సున్నాయే అది. గోడకి అంటించుకుంటే అంటించుకో.

… ఎప్పుడొస్తున్నావు? ఎవరితో?… కాలేజీ మెకానిక్కా. ఆయనెందుకు?… ఇవాళే విప్పాలా. మంచి చెడ్డా చూసుకోకుండా… పిల్ల చదువని నాకూ తెలుసు. కాదనలేదు, ఇవాళేనా అన్నాను.

… మరి ఈ టైలరుగారికి ఎవరు నేర్పుతారు?… నువ్వా. పక్కన కూర్చుని, నోటితో చెప్తావా. నోటితో అయితే నీకు… ఏం లేదు, సరిపోతావు అంటున్నాను.

… నేనెక్కడ కూర్చోవాలి?… వెనకాలా. పరిచయం లేనివాడిలా వెనకాల కూర్చోవాలి. కూర్చుంటాను. కాలు ఊరుకోదే, దాన్ని ఏం చేయమంటావు. ఎక్కడ పెట్టుకోమంటావు?

… చెప్పులోనా.

… హలో.

పెట్టేసింది. విన్నారుగా టైలరుగారూ, వచ్చేస్తున్నారు. రాగానే విప్పేస్తారట… మీరేం భయపడకండి, ఆవిడ అరుపుకి మీ మిషనే ఆగిపోతుంది… ఏది, ఆ పెడలా? ఎంత ఉంటుందా? కొలతలు అడిగే బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు. టేపు తీయకండి, ఇరవై ఏళ్ళు పాదం కింద ఉన్నదానికి టేపెందుకు. పొడవు బెత్తెడు. వెడల్పు మూడు వేళ్ళు. ఆ కారు మొత్తంలో నాదంటూ ఉన్న జాగా అంతే.